వేలు పడే పిల్ల

ఈసారి కూడా మిషను ఎర్రగానే వెలిగింది.

సంధ్య బొటనవేలిని కొంగుకు తుడుచుకుంది. పాపిట పక్కన జుట్టుకు రాసి కాస్త నూనె అంటించుకుంది. మళ్ళీ ఆ చిన్న గాజుపలక మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కింది. రేషన్ దుకాణం మనిషి తెర వంక చూసి పెదవి విరిచాడు.

"నహీ ఆతా, బెన్. దూస్రీ ఉంగలీ."

చూపుడువేలు పెట్టింది. ఉంగరపు వేలు పెట్టింది. చెయ్యి మార్చి ఎడమచేతి వేళ్ళన్నీ పెట్టింది. ఉధ్నా ఎండ రేకుల కప్పు మీద పడి లోపలున్నవాళ్ళను ఉడకబెడుతోంది. వరుసలో ఎవరో గుజరాతీలో విసుక్కున్నారు.

"నూనె రాస్తె ఇంకింత జారుతది సంధ్యా," అంది వెనక నిలబడ్డ లలిత. ఆమెదీ అదే గల్లీ, అదే పని. "నిమ్మకాయ రుద్దాలె. మా ఆయినకు గట్లనే పడ్డది."

"నిమ్మకాయ ఒక్కటి పదిరూపాలాయె వదినా. పప్పుల పిండుకునేతందుకే లేదు, వేలుకు రుద్దుకుంటనా?"

వరుసలో తెలుగు ఆడవాళ్ళు నవ్వారు. అర్థం కాకపోయినా దుకాణం మనిషీ నవ్వాడు. నవ్వుతూనే సంచీని పక్కకు జరిపి, కూతుర్ని తెమ్మన్నాడు. "బేటీ కో లావ్. ఉస్కా ఆతా హై."

సంధ్య వేళ్ళ మీద గీతలు లేవు. పెళ్ళయి సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ ఊరికి వచ్చినప్పుడు ఉండేవి. చీరలకు రాళ్ళంటించే పనిలో అవి పోయాయి. చీరకు పద్దెనిమిది రూపాయలు. కుచ్చిళ్ళ దాకా నిండుగా ఉంటే పాతిక. గమ్ము వేళ్ళకు పట్టి ఎండిపోతే బ్లేడుతో గీకేస్తుంది. గమ్ముతో పాటే పలచగా చర్మం కూడా లేచి వస్తుంది. భర్త నర్సింగం వేళ్ళు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తెగిన పోగులు ముడివేసి ముడివేసి గులకరాళ్ళలా నున్నబడ్డాయి. ఆ గల్లీలో పెద్దవాళ్ళందరి చేతులూ అంతే. ఫలానా మనిషి తామేనని రుజువు చెయ్యడానికి వాళ్ళ దగ్గర ఒళ్ళంతా ఉంది గాని వేలు లేదు.

అందుకే ప్రతి ఇంట్లోనూ వేలు పడే ఒక పిల్లో పిల్లాడో ఉండేవారు. "మాకు చిన్నోని వేలు పడ్తది", "మా పెద్దదానిది పెట్టంగనే పచ్చలైటు" అని, పిల్లలకు వచ్చిన మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళు. సంధ్య ఇంట్లో వేలు పడే పిల్ల స్పందన. ఎనిమిదో తరగతి.

సంధ్య చెప్పులు ఈడ్చుకుంటూ స్కూలుకు పోయింది. తరగతి గది గుమ్మంలో తల్లి కనబడగానే స్పందన ముఖం ముడుచుకుంది.

"మమ్మీ, ఆజే టెస్ట్ ఛే! మల్ల పిలుస్తవా?"

"రెండు నిమిషాలే. వేలు పెట్టి ఉరుకుదువు. నడువు."

టీచరమ్మ కసురుకోలేదు. ఇది ఆమెకు అలవాటే. కాని సంధ్యను పక్కకు పిలిచి హిందీలో ఒక మాట అడిగింది. స్కాలర్‌షిప్పు పిల్లలందరికీ పడింది, మీరు మాత్రం రాలేదని రెండుసార్లు పిల్లతో చెప్పి పంపారు, పడలేదని ఎలా అంటారు? కంప్యూటరులో స్పందన పేరు పక్కన జమ అయినట్టే ఉంది. ఉన్ అనే శివారు పేట దగ్గరి బ్యాంకులో.

"ఉన్‌ల మాకు ఖాతా లేదు మేడం," అంది సంధ్య. వాళ్ళకున్నది ఉధ్నా స్టేషన్ రోడ్డులో ఒక్కటే ఖాతా, అదీ నర్సింగం పేరు మీద.

పిల్ల ఆధార్‌కు ఏ ఖాతా కలిపి ఉంటే ప్రభుత్వం డబ్బు అందులోనే పడుతుందనీ, వెళ్ళి అడగమనీ చెప్పి టీచరమ్మ టెస్టు పేపర్లలో పడిపోయింది.

రేషన్ దుకాణంలో స్పందన వేలు పెట్టగానే మిషను పచ్చగా వెలిగింది. పిల్ల అటు చూడను కూడా లేదు. ఎడమచేతిలో లెక్కల పుస్తకం తెరిచి పెదాలు కదుపుతూ సూత్రాలు వల్లిస్తోంది. కుడిచెయ్యి మటుకు తనది కానట్టు, దుకాణం మనిషి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది.

"షాబాష్," అన్నాడతను. గోధుమలు సంచీలో పోశాడు.

సంధ్య సంచీ ఎత్తుకుంది. టీచరమ్మ మాట కాలిలో ముల్లులా ఉండిపోయింది.

*

మర్నాడు స్పందనను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో ఉన్ వెళ్ళింది. విప్పని చీరల మూట ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు కూలి పోయినట్టే.

బ్యాంకులో బల్ల వెనక ఉన్నది చిన్న వయసు ఆఫీసరమ్మ. ఆధార్ నంబరు కొట్టి తెర చూసింది. తరవాత స్పందనను చూసింది. మళ్ళీ తెర చూసింది.

"ఈ అమ్మాయేనా?"

"అవును."

"ఈ అమ్మాయి తప్ప వేరే కూతుర్లున్నారా?"

"లేరు. ఒక్కతే."

ఆఫీసరమ్మ గొంతు తగ్గించింది. ఖాతా ఈ పిల్లదేనంది. ఫోటో ఆమెదే, వేలిముద్ర ఆమెదే. కాని ఖాతాను ఆపేశారు. వేరే రాష్ట్రం పోలీసులు ఆపమన్నారు. అక్కడెవరో ముసలాయనను ఫోన్లో బెదిరించి ఉన్నదంతా బదిలీ చేయించుకున్నారు. ఆ డబ్బు ఈ ఖాతాలోకి వచ్చి, వచ్చిన గంటలోనే ఇంకెక్కడికో పోయింది. ఆ ఒక్కటే కాదు, లక్షల్లో వచ్చాయి, పోయాయి.

సంధ్యకు హిందీ బాగానే వచ్చు. అయినా ఆ మాటలు చెవి దగ్గరే ఆగిపోయాయి. పక్కన స్పందన కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చుంది. కాళ్ళు ఊగడం ఆగిపోయింది.

"లక్షలా?" అంది పిల్ల. "మేరే నామ్ పే?"

ఆఫీసరమ్మ తెర మీద ఇంకో పేజీ తీసింది. ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు మీదేనా అని సంధ్యను అడిగింది. నంబరు చదివింది. సంధ్య కాదంది. ఆఫీసరమ్మ కాసేపు ఆలోచించి, బల్ల మీది ఫోను స్పీకరులో పెట్టి ఆ నంబరు కొట్టింది. మీరు మాట్లాడకండని చేత్తో సైగ చేసింది.

అవతల ఫోను ఎత్తారు.

"స్పందన ఖాతా గురించి బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీరెవరు?"

"జీ, నమస్తే మేడం," అంది మగ గొంతు, వినయంగా. "మై స్పందన కా పాపా బోల్ రహా హూఁ."

ఆ 'నమస్తే'లో చివర సాగదీత. మాటకూ మాటకూ మధ్య చిన్న దగ్గు. పదేళ్ళుగా వింటున్న గొంతు. వాకిట్లో నిలబడి "చెల్లె, ఇంట్ల ఉన్నవా?" అని పిలిచే గొంతు.

సంధ్య బల్ల అంచు పట్టుకుంది. స్పందన తల్లి చెవి దగ్గరికి వంగింది.

"మమ్మీ, గాయిన పరమేశ్ మామ గదా? పాపా అంటుండేంది?"

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు.

ఆఫీసరమ్మ చాలాసేపు ఓపికగా చెప్పింది. పిల్ల ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు కూడా అతనిదే. ఓటీపీలు ఏవి వచ్చినా అతనికే వస్తాయి. ఆ నంబరు మారేదాకా ఈ పిల్ల పేరుతో అతను ఏదైనా తెరవగలడు: ఇంకో ఖాతా, సిమ్ము, ఏదైనా. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్ళి నంబరు మార్పించండి. తరవాత పోలీసులకు ఫిర్యాదు చెయ్యండి. "జల్దీ కీజియే," అంది. "పిల్లల పేర్లతో జరిగినవి చాలా ఏళ్ళ దాకా బయటికి రావు. ఉద్యోగానికో లోనుకో వెళ్ళినప్పుడు తెలుస్తుంది. అప్పటికి..." అని ఆగిపోయింది.

బయట లారీలు దుమ్ము లేపుకుంటూ సచిన్ ఫ్యాక్టరీల వైపు పోతున్నాయి. ఆటో కోసం నిలబడ్డప్పుడు సంధ్యకు అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

స్పందనకు ఆధార్ తీయించిన రోజు. అప్పుడు వాళ్ళకు నిలకడైన ఫోను లేదు. రీఛార్జి అయిపోతే సిమ్ము పారేసి, ఫ్రీగా ఇచ్చే కొత్త సిమ్ము తెచ్చుకునేవాళ్ళు. గల్లీలో అందరిదీ అదే పని. "మీ నంబర్లు పూటకొకటి మారుతయి. నాది మారదు. నాదే రాయిస్త, ఏదన్న అస్తే నేనే అచ్చి చెప్త," అన్నాడు గల్లీలో అందరి కాగితాల పనులూ చూసిపెట్టే పరమేశ్. చెప్పాడు కూడా. రేషన్ కార్డు వచ్చినా, గ్యాస్ సబ్సిడీ పడినా ఇంటికి వచ్చి మరీ చెప్పేవాడు. ఎంత మంచి మనిషి అనుకునేవాళ్ళు.

తరవాత గల్లీ తెలుగువాళ్ళ సంఘం పిల్లలకు స్కూలు బ్యాగులు పంచిన ఆదివారం. బల్ల దగ్గర పరమేశ్ మిషను పెట్టుకుని కూర్చున్నాడు. బ్యాగు ముట్టినట్టు వేలు పెట్టాలన్నాడు. తల్లులు పెడతామంటే పడలేదు. "పిల్లలనే పెట్టనీయుండ్రి," అన్నాడు. తల్లులు ఒకరినొకరు తోసుకుంటూ పిల్లలను ముందుకు నెట్టారు. మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెట్టించారు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. వేలు అంటే మిషనులో పెట్టేదేగా.

సంధ్య తన చేత్తోనే స్పందన వీపు మీద చెయ్యేసి నెట్టింది. నీలం రంగు బ్యాగు కావాలని పిల్ల గొణిగితే, ఏదో ఒకటి తీసుకొమ్మని కసిరింది.

*

"నువ్వు తప్పు ఇన్నవేమో," అన్నాడు నర్సింగం. అప్పుడే సాంచాల నుంచి వచ్చాడు. కనుబొమల మీద పత్తి నూగు. "ఫోన్ల గొంతులన్నీ ఒక్కతీర్గనే ఉంటయి."

"పిల్ల గూడ గుర్తువట్టింది."

"పిల్లకేమెర్క?" గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "గీ రూం ఇప్పిచ్చిందెవడు? కరోనల బాపు సచ్చిపోతె అంబులెన్సు మాట్లాడి ఊరిదాక తోలిచ్చిందెవడు? మన సేటుతోని గూడ ఆయినే మాట్లాడె. గసొంటోడు మన పిల్ల పేరు మీద..."

"గసొంటోడనేగదయ్యా, ఆయిన చెయ్యి సాపంగనే పిల్లను పంపింది."

నర్సింగం కనుబొమల మీది నూగు తుడుచుకున్నాడు. కింది అంతస్తులో మిషన్లు కొట్టుకునే చప్పుడుకు నేల సన్నగా అదురుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకే అది తెలుస్తుంది. వీళ్ళకు ఎప్పుడో అలవాటైపోయింది. ఆ సాయంత్రం మాత్రం సంధ్యకు అరికాళ్ళలో తెలిసింది.

"చెల్లె, ఇంట్ల ఉన్నవా?"

పరమేశ్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో వేడి శనగపిండి లోచో పొట్లం. వెనక సంఘం పెద్ద సోమలింగం, పైపంచెతో మెడ తుడుచుకుంటూ. గల్లీలో పెళ్ళి కుదిరినా తగువు తెగినా ఆయన ముందే. సంధ్య లేచి మంచం దులిపింది. అంత కోపంలోనూ చేతులు వాటి పని అవి చేశాయి.

"ఇదో బిడ్డ, నీకిష్టమని తెచ్చిన," అని పొట్లం స్పందనకు ఇచ్చాడు పరమేశ్. పిల్ల తల్లి వంక చూసి, తీసుకుని, విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"బ్యాంకుల నువ్వు గూసున్నవని నాకేమెర్క చెల్లె? చెప్తె నేనే అస్తుంటి గద."

"అచ్చి ఏం చెప్తుంటివన్నా? ఫోన్ల నువ్వు దాని నాయిననంటివి. దాని నాయిన గీడ గూసున్నడు, సూడు."

నర్సింగం తల వంచుకున్నాడు. పరమేశ్ నవ్వాడు. ఆ నవ్వులో ఇబ్బంది కూడా లేదు.

"బ్యాంకోల్లకు గట్లనే చెప్పాలె. లేకుంటె పని గాదు. గా పైసలు నేను దిన్నయి గాదు చెల్లె. నా మీద ఇంకొకడున్నడు, ఆని మీద ఇంకెవడో. నేను ఖాతాలు తీసిస్త, గంతే. ఖాతాకింత అని నాకిస్తరు. దాంట్లకెల్లే గదా సంఘానికి బ్యాగులచ్చినయి, ఫ్యాన్లచ్చినయి."

"పిల్లల పేర్లెందుకు?"

"పిల్లల పేర్లు సాఫ్ ఉంటయి," అన్నాడు పరమేశ్. మార్కెట్లో మంచి సరుకు గురించి చెప్పినట్టు చెప్పాడు. "మనయంటె లోన్లు, కిస్తీలు, ఏదో ఒక మరక ఉంటది. పిల్లలయి అసలు వాడనే వాడలె. ఎవ్వడు అడగడు. ఇగ మన పెద్దోల్ల వేళ్లంటవా, అయి పడనే పడయి గదా."

సంధ్య అతని ముఖంలోకి చూసింది. ఎదుటివాడు తప్పు చేశానని అనుకోవడం లేదు. తిట్టినా వాదించినా అది తగిలే చోటు అతనిలో ఎక్కడా లేదు.

సోమలింగం గొంతు సవరించుకున్నాడు. "సంధ్యా, ఇది మన ఇంటి ముచ్చట. మనమే సాఫ్ జేసుకుందాం. పోలీసు అని పోతివనుకో, రేపటిసంది తెలుగోల్లంటె దొంగలు అంటరు. ఏ సేటు పనిల వెట్టుకుంటడు? గీ గల్లీల ఎన్ని పొయ్యిలు ఆరుతయో జర ఆలోచన జెయ్యి."

"దొంగతనం జేసింది గల్లీ గాదు గద మామా."

"అరె, గట్ల గాదు. పరమేశు తప్పు ఒప్పుకుంటుండు. ఖాతా బందు జేస్తనంటుండు. ఇంకేంది?"

పరమేశ్ చొక్కా జేబులోంచి చిన్న మిషను తీశాడు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. ఫోనుకు తగిలించి చాప మీద పెట్టాడు. గాజుపలక కింద ఎర్రగా వెలుగు వచ్చింది.

"ఖాతా బందు జేసేతందుకు ఒక్కపారి బిడ్డ వేలు పెడ్తె చాలు. ఇంట్లోల్ల మర్జీతోనే ఖాతా తీసినమని నర్సింగం బావ ఒక్క మాట చెప్తడు, నేను ఫోన్ల రికార్డు జేసుకుంట. ఇగ బాత్ ఖతం. పిల్లను ఎవ్వరు ఏమనరు."

నర్సింగం ఎవరినీ చూడకుండా గోడను చూశాడు. "గంతేనా?" అన్నాడు చిన్నగా.

అప్పుడు స్పందన లేచింది. లోచో పొట్లం పక్కన పెట్టి, చెయ్యి గౌనుకు తుడుచుకుని, చాప దగ్గరికి వచ్చి కూర్చుంది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. కుడిచెయ్యి ముందుకు చాపింది.

"ఏ వేలు, మామా?"

సంధ్య ఆ చేతిని చూసింది. ఏడ్చి, మారాం చేసి, భయపడి చాపినా ఇంత దడ పుట్టేది కాదు. పిల్ల ముఖంలో ఏమీ లేదు. దుకాణంలోనూ అంతే, సంఘంలోనూ అంతే. ఈ చెయ్యి ఇలా చాపడం తనే నేర్పింది. పళ్ళు తోముకోవడం నేర్పినట్టు, జడ వేసుకోవడం నేర్పినట్టు నేర్పింది.

"ఆగు."

పిల్ల మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. అంత గట్టిగా లాగానని పిల్ల కెవ్వుమన్నాక గాని తెలియలేదు.

"పెట్టది," అంది పరమేశ్‌తో. "ఇగ నా బిడ్డ దేంట్లనూ వేలు పెట్టది. మిషను తీసుకపో."

"సంధ్యా!" అన్నాడు నర్సింగం.

"నువ్వు చెప్పాలనుకుంటె చెప్పయ్యా ఆయిన ఫోన్ల. నేనైతె బ్యాంకుల చెప్పిందే పోలీసుల దగ్గర చెప్త."

సోమలింగం పంచె దులుపుకుని లేచాడు. పరమేశ్ మిషను జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఎప్పటి గొంతుతోనే, ఎప్పటిలా ప్రేమగానే అన్నాడు.

"నీ ఇష్టం చెల్లె. జర యాదుంచుకో, పోలీసోల్లు ముందుగాల పేరున్నోల్లనే పిలుస్తరు. గా రాష్ట్రం దాక తోలుకపోతరు. పేరు నాది గాదు."

వాళ్ళు మెట్లు దిగాక లలిత గుమ్మంలోకి వచ్చింది. గోడవతలి నుంచి అంతా విన్నట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సంధ్యా... మా మహేశ్‌గాడు గూడ గప్పుడు బ్యాగు తెచ్చుకున్నడు గద?"

సంధ్య ఆమె వంక చూసింది. లలిత జవాబు కోసం ఆగలేదు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, తన గది తలుపు లోపలి నుంచి గడియ వేసుకుంది.

*

పొద్దున చీరల మూటలు పంచే మనిషి గల్లీలోకి వచ్చాడు. అందరి గుమ్మాల్లో మూట పెట్టాడు. సంధ్య గుమ్మం దగ్గర నిన్నటి మూట అడిగి తీసుకున్నాడు, కొత్తది పెట్టలేదు. ఎందుకని అడిగితే, మాల్ నహీ హై, అన్నాడు. అతని భుజం మీద ఇంకా రెండు మూటలు ఉన్నాయి.

నర్సింగం టిఫిను డబ్బా పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రంతా మొగుడూ పెళ్ళాలు ఒకరికొకరు వీపు చూపి పడుకున్నారు.

"నేను రాను," అన్నాడు చివరికి. "పనికి పోకుంటె సేటు ఏమంటడో." జేబులోంచి నలిగిన నోట్లు తీసి, సంధ్యకు ఇవ్వకుండా స్పందన చేతిలో పెట్టాడు. "ఆటోకు. రెండు దిక్కులకూ అయితయి."

అది ఒప్పుకోలో భయమో సంధ్యకు అర్థం కాలేదు.

ఆధార్ కేంద్రంలో టోకెన్ తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. చంటిపిల్లలు, గుజరాతీ ముసలమ్మలు, ఒడియా కూలీలు. గోడ మీద టీవీలో చప్పుడు లేకుండా ఏదో నడుస్తోంది. సంధ్య పట్టుకుని లాగిన చోట స్పందన మణికట్టు మీద ఎర్రగా ఉంది. పిల్ల మాటిమాటికీ దాన్ని రుద్దుకుంటోంది.

వాళ్ళ వంతు వచ్చింది. ఆపరేటరు కుర్రవాడు కార్డు తీసుకుని, కొత్త నంబరు అడిగి, టకటకా కొట్టాడు. సంధ్య తన నంబరు చెప్పింది. ఈ సిమ్ము ఇక ఎప్పటికీ మార్చకూడదని ఆటోలోనే అనుకుంది. ఆపరేటరు ఒక నల్ల పెట్టెను పిల్ల ముందుకు జరిపాడు. దాని మీద వెడల్పాటి గాజుపలక.

"ఉంగలీ రఖో."

స్పందన చేతులు తొడల కింద పెట్టుకుంది.

"బేటా, ఉంగలీ."

పిల్ల కదలలేదు. తొడల కింద చేతుల మీద ఒళ్ళంతా బరువు వేసి కూర్చుంది. ఆపరేటరు సంధ్యను చూశాడు. వెనక నుంచి ఒక మగ గొంతు, జల్దీ కరో, అంది.

"పెట్టు బిడ్డా" అన్న మాట సంధ్య నోటి దాకా వచ్చింది. ఇది మంచిదే, ఇది మనకోసమే, దీనితోనే నీ పేరు నీకు వస్తుంది అని చెప్పాలి. కాని రేషన్ దుకాణంలోనూ మనకోసమే అని చెప్పింది. సంఘంలోనూ మంచిదే అని చెప్పింది. చెయ్యి అప్పుడే పిల్ల వీపు మీదికి వెళ్ళిందని గమనించి, తీసేసింది.

స్పందన ఆపరేటరు ముఖంలోకి చూసింది. అలవాటుగా ఎక్కడో ఉండే కళ్ళు ఇవాళ అక్కడే ఉన్నాయి.

"క్యోం రఖూఁ?" అంది, ఎందుకు పెట్టాలని.

కుర్రవాడు నవ్వాడు. "నంబర్ బదల్నే కే లియే."

"ఫిర్? ఉస్కే బాద్ మేరీ ఉంగలీ కహాఁ జాయేగీ?"

ఆ తరవాత నా వేలు ఎక్కడికి పోతుంది? కుర్రవాడు కీబోర్డు మీంచి చేతులు తీశాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ అంతవరకూ అతన్ని ఆ మాట అడిగినట్టు లేదు. తెర వంక చూశాడు, అక్కడ రాసి ఉంటుందేమోనన్నట్టు.

"ఏక్ థప్పడ్ మారో, రఖేగీ," అంది వరుసలో ఒక ముసలమ్మ, ఒక్క దెబ్బ వేస్తే అదే పెడుతుందని. కొందరు నవ్వారు. ఒకతను టోకెన్ ఊపుతూ ముందుకు వచ్చాడు. పక్కకు జరగమని సంధ్య భుజం తట్టాడు.

సంధ్య చేతిసంచీలో ఫోను మోగింది. నర్సింగం. పనిలో ఉన్నప్పుడు అతను ఎన్నడూ ఫోను చెయ్యడు; సేటు పనిలోంచి తీసేశాడో, పరమేశే మళ్ళీ వచ్చాడో. మోగి మోగి ఆగింది, వెంటనే మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. సంధ్య సంచీని గట్టిగా పట్టుకుంది. జిప్పు తియ్యలేదు.

వరుసకూ కూతురు కుర్చీకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"జవాబ్ దో భయ్యా," అంది. జవాబు చెప్పమన్న ఆ మాట అందరికీ వినబడింది. "లడ్కీ పూఛ్ రహీ హై."

కుర్రవాడు కుర్చీ వెనక్కి తోసి, లోపలి గదిలో ఎవరినో పిలవడానికి లేచాడు. బల్ల మీద ఖాళీ గాజుపలక వెలుగుతూనే ఉంది. స్పందన దాని వంకే చూస్తోంది, చేతుల మీద కూర్చుని.